పాల సూక్ష్మజీవుల ద్రావణం: ప్రకృతి సేద్యంలో ప్రయోజనాలు, పరిమితులు

(ప్రత్యేక వ్యాసం)

జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. 2,481 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో, 2025-26 వరకు, 15 వేల క్లస్టర్లలో 7.5 లక్షల హెక్టార్లను, కోటిమంది రైతులను ప్రకృతి సేద్యంలోకి తీసుకురావడం దీని లక్ష్యంగా ప్రకటించడం జరిగింది. రైతులకు సిద్ధం చేసిన ద్రావణాలను చేరువలో అందుబాటులో ఉంచేందుకు 10 వేల బయో ఇన్‌పుట్ రిసోర్స్ సెంటర్లను నెలకొల్పాలన్నది ఈ పథకంలోని ఒక ప్రధానాంశం. ఈ కేంద్రాలలో జీవామృతం, ఘనజీవామృతం, బీజామృతం, కషాయాలు ఉండాలన్న విషయంలో సందేహానికి తావు లేదు. అయితే వీటి సరసన మరొక ద్రావణం చోటు కోరుతున్నది. మిద్దెతోటల పెంపకందారుల నుండి పొలాల రైతుల దాకా చేరిన ఆ ద్రావణం పేరు ‘ల్యాబ్ సీరం’. బియ్యం కడిగిన నీరు, పాలు, బెల్లంతో ఇంటివద్దనే తయారయ్యే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా తేట ఇది.

దీనిని గురించి వినవస్తున్న మాటలు అనేకం. నేలకు బలమని, తెగుళ్ళకు మందని, పశువుల పాకకు శుభ్రత అని, కంపోస్టుకు వేగమని ప్రచారం సాగుతున్నది. వీటిలో కొన్ని నిజం. కొన్ని సగం నిజం. ఒకటి మాత్రం పూర్తిగా అబద్ధం. క్షేత్రస్థాయి సిబ్బంది రైతుకు ఏమి చెప్పాలి, పాత్రికేయులు దేనిని వార్తగా స్వీకరించాలి అన్న ప్రశ్నకు సమాధానం ఈ వింగడింపులోనే ఉన్నది.

పేరు కొత్తది, పదార్థం పాతది

తెలుగు ఇంటికి ఈ సూక్ష్మజీవి అపరిచితం కాదు. గోరువెచ్చని పాలలో వేసే తోడు ఇదే. అన్నంలో నీరు పోసి పులియబెట్టే తరవాణి కుండలో పనిచేసేదీ ఇదే కుటుంబం. దోసెల పిండి పులుపులో, ఆవకాయ కాని కొన్ని ఊరగాయల పులుపులో కూడ దీని పాత్ర ఉన్నది. పాలు పులియడానికి కారణం జీవులేనని లూయీ పాశ్చర్ 1857లో ప్రతిపాదించగా, పాలను పులియజేసే బ్యాక్టీరియాను జోసెఫ్ లిస్టర్ 1873లో విడదీసి చూపారు. లాక్టోబాసిల్లస్ అన్న ఒకే పేరు కింద చాలాకాలం చలామణి అయిన ఈ జాతులను శాస్త్రవేత్తలు 2020లో 25 ప్రజాతులుగా విభజించారు. కనుక పాత పుస్తకాలలోని పేర్లకు, నేటి పేర్లకు పొంతన కుదరకపోవచ్చు. క్షేత్రంలో పనిచేసేవారికి ఆ తేడాతో పెద్దగా పని లేదు.

దీనిని వ్యవసాయ ద్రావణంగా ఒక పద్ధతిలో ఇమిడ్చినవారు దక్షిణ కొరియాకు చెందిన చో హాన్ క్యు. కొరియా ప్రకృతి సేద్యంగా ప్రసిద్ధి పొందిన ఆయన విధానంలో స్థానిక సూక్ష్మజీవులు, పులియబెట్టిన మొక్కల రసం, చేపల ద్రావణం మొదలైన వాటితోపాటు లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా తేట కూడ ఒకటి. జపాన్‌లోని ఒకినావాలో ర్యూక్యూ విశ్వవిద్యాలయ ఆచార్యులు టెరువో హిగా 1980ల ఆరంభంలో రూపొందించిన ‘ఈఎమ్’ మిశ్రమంలోనూ ఈ బ్యాక్టీరియాదే ముఖ్యస్థానం. ఈఎమ్ కొనుక్కోవలసిన సరుకు. కొరియా తేట ఇంట్లో తయారు చేసుకునేది. మన రైతుకు ఆసక్తి కలిగించే తేడా అదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ దారి వేరుగా సాగింది. 2004-05లో ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా మహిళా సంఘాల ఆధారంగా పురుగుమందులు లేని సేద్యం మొదలైంది. 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం అమలవుతున్నది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ మానవత పురస్కారం మరో ఇద్దరు గ్రహీతలతో కలిపి లభించింది. ఈ కార్యక్రమంలో శిలీంధ్ర తెగుళ్ళకు రైతులు వాడుతున్నది పుల్లటి మజ్జిగ. ఎకరాకు ఐదారు లీటర్ల బాగా పులిసిన మజ్జిగను 100 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేయడం వాడుకలో ఉన్న మోతాదు. కొరియా తేట, మన మజ్జిగ ఒకే బ్యాక్టీరియా కుటుంబానికి చెందినవి. అయినా ఒకదాని స్థానంలో మరొకటి పెట్టదగినవి కావు. ఆ కారణం ఈ వ్యాసంలో తరువాత వస్తుంది.

తయారీ విధానం

బియ్యం మొదటిసారి కడిగిన చిక్కని నీటిని మట్టికుండలో గాని, గాజు సీసాలో గాని మూడింట రెండు వంతుల మేరకు పోయాలి. మూతి బిగించరాదు. గాలి ఆడే పలుచని గుడ్డ గాని, కాగితం గాని కట్టి నీడలో ఉంచాలి. కొరియా లెక్క ప్రకారం 20 నుండి 25 డిగ్రీల వేడిలో దీనికి మూడు నుండి ఐదు రోజులు పడుతుంది. మన జిల్లాలలో వేసవిలో అంతకంటె త్వరగానే పుల్లని వాసన వస్తుంది. కనుక రోజుల లెక్క కంటె వాసననే గుర్తుగా పెట్టుకోవడం మేలు. ఈ దశలో పైన తెట్టు, అడుగున పిండి, నడుమ పలుచని నీరు ఏర్పడతాయి. కావలసినది నడుమనున్న నీరు.

ఈ నీటికి పది రెట్లు పాలు కలపాలి. ఇక్కడే ఎంపిక జరుగుతుంది. బియ్యపు నీటిలో చేరినవి పలురకాల సూక్ష్మజీవులు. పాలలోని చక్కెరను వాడుకుని ఆమ్లాన్ని పుట్టించగలిగినవి త్వరగా పెరుగుతాయి. ఆ పులుపుకు తట్టుకోలేనివి వెనుకబడతాయి. పాల పీహెచ్ మొదట 6.7 దరిదాపుల్లో ఉండి, 4.6కు పడిపోగానే పాలలోని కేసీన్ మాంసకృత్తు విరిగి గడ్డకడుతుంది. మరి కొన్ని రోజులకు ఆ గడ్డ పైకి తేలి, అడుగున లేత పసుపురంగు తేట నిలుస్తుంది. తేటను వడపోసి సమాన బరువు బెల్లం కలిపితే చల్లటిచోట నిలువ ఉంటుంది. బెల్లం కలపకుంటే ఫ్రిజ్‌లో పెట్టవలసిందే. పైకి తేలిన గడ్డను పశువుల దాణాలో కలపవచ్చును.

మరువరాని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పొదుగువాపుకు మందు వాడుతున్న పశువు పాలు ఇందుకు పనికిరావు. యాంటీబయాటిక్ అవశేషం బ్యాక్టీరియాను ఎదగనివ్వదు. తోడు వేసినా పెరుగు కాని పాలను తెలిసిన గృహిణులకు ఇది చెప్పనక్కరలేదు. క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీటిని ఒక రాత్రి నిలువబెట్టి వాడాలి. గులాబీ, నలుపు, ఆకుపచ్చ బూజు పట్టినా, కుళ్ళు వాసన వచ్చినా పారబోయడమే మంచిది. బెల్లం కలిపిన తేటను సీసాలో బిగించి ఉంచితే వాయువు పుట్టి సీసా పగిలే ప్రమాదం ఉన్నది. బోర్డో మిశ్రమం, ఇతర రాగి మందులు, స్ట్రెప్టోసైక్లిన్ వంటివాటితో కలిపి చల్లరాదు. అలా చల్లితే బ్యాక్టీరియా చస్తుంది, రైతు శ్రమ వృథా అవుతుంది.

ఎరువు కాదు

పూర్తిగా అబద్ధమని పైన పేర్కొన్నది తేటను ఎరువుగా ప్రచారం చేయడం. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరించదు. పాలలోని మాంసకృత్తులలో అధికభాగం గడ్డతో పైకి పోతుంది. తేటలో మిగిలే పొటాషియం లీటరుకు సుమారు ఒకటిన్నర గ్రాములు. వెయ్యి రెట్లు నీటిలో కలిపి ఎకరాకు 200 లీటర్లు చల్లితే, వాడే తేట 200 మిల్లీలీటర్లు. అందులోని పొటాషియం గ్రాములో మూడోవంతు కూడ ఉండదు. దీనిని 45 కిలోల యూరియా బస్తాతో పోల్చి చూడవచ్చు. ఆ బస్తాలో దాదాపు 20 కిలోల 700 గ్రాముల నత్రజని ఉన్నది. యూరియా మానేసి తేట చల్లమని చెప్పడమంటే పైరును ఆకలితో ఉంచడమే. యూరియా తగ్గించదలచిన రైతుకు పచ్చిరొట్ట, అపరాల అంతరపంట, పశువుల ఎరువు, ఘనజీవామృతం దారి చూపుతాయి. తేట వాటికి తోడుగా ఉండవచ్చు, వాటి స్థానాన్ని ఆక్రమించలేదు.

ఆరుబయలు నేలలో ఈ బ్యాక్టీరియా స్థిరపడుతుందన్న నమ్మకం కూడ బలహీనమైనదే. చక్కెరలు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు సమృద్ధిగా ఉన్న పాలు, పండ్లు, కుళ్ళే ఆకులు వంటిచోట్ల అది వర్ధిల్లుతుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండకు కాలిన దుక్కిలో దానికి బతుకు లేదు.

మోతాదు చెప్పే నిజం

తెగుళ్ళ విషయంలో లెక్క ఇంకొంచెం సూక్ష్మమైనది. బ్రెజిల్ పరిశోధకులు వాగ్నర్ బెట్టియోల్ 1999లో ప్రచురించిన ప్రయోగంలో, గాజుగృహంలోని గుమ్మడి జాతి మొక్కలపై పాలను చల్లగా బూడిద తెగులు గణనీయంగా తగ్గింది. 10 శాతం, ఆపై గాఢతలో వారం వారం చల్లిన పాలు రసాయన మందుకు దీటుగా పనిచేశాయి. ఐరోపా సమాఖ్య 2016లో పాల విరుగుడు నీటిని, 2020లో ఆవుపాలను మొక్కల రక్షణకు ప్రాథమిక పదార్థాలుగా ఆమోదించింది. కాబట్టి పాల పదార్థాలతో బూడిద తెగులును అదుపు చేయడం కట్టుకథ కాదు.

అయితే ఈ ఫలితాలు పది శాతం పాలకు వచ్చినవి. మన రైతు చల్లే పుల్లటి మజ్జిగ ఐదారు శాతం. కొరియా తేట వెయ్యి రెట్లు పలచన చేసినప్పుడు 0.1 శాతం. అంటే మజ్జిగ కంటె దాదాపు అరవై రెట్లు, బెట్టియోల్ పాల కంటె వంద రెట్లు పలుచన. పాల ప్రయోగం ఫలితాన్ని తేట ఖాతాలో వేయడం లెక్కకు నిలవదు. ‘పులుపు వల్ల శిలీంధ్రం చస్తుంది’ అన్న వివరణ కూడ ఈ మోతాదులో సాగదు. లీటరు తేటలో ఉండే లాక్టిక్ ఆమ్లం సుమారు 10 గ్రాములు. లీటరుకు 300 మిల్లీగ్రాముల బైకార్బనేట్ గల బోరు నీరు వెయ్యి లీటర్లలో ఉన్న క్షారం ఆ ఆమ్లాన్ని నలభై రెట్లకు మించి తటస్థపరచగలదు. ట్యాంకులో కలిసే సరికి పులుపు అన్నది మిగలదు. ఇక మిగిలేది బ్యాక్టీరియా సంఖ్య మాత్రమే. అది ఆకుమీద కొంతకాలం చోటు ఆక్రమించి హానికర శిలీంధ్రాలను అడ్డుకునే అవకాశం ఉన్నది. ప్రయోగశాలలో అలా అడ్డుకున్న దాఖలాలు చాలా ఉన్నాయి. పొలంలో అదే జరుగుతుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

మజ్జిగను వదలి తేటకు మారమనే సలహా ఈ కారణంగానే తొందరపాటు అవుతుంది. ఖర్చు వైపు నుండి చూస్తే తేటకు ఆకర్షణ ఉన్నమాట నిజమే. లీటరు పాలకు ముప్పావు లీటరు వరకు తేట వస్తుంది; దానితో మూడు నాలుగు ఎకరాలకు ఒక్కొక్క పిచికారీ చేయవచ్చు. మజ్జిగకు ఎకరా ఒక్కదానికే రెండు మూడు లీటర్ల పాలు కావలసివస్తాయి. అయితే పాడి ఉన్న ఇంట్లో మజ్జిగ వెన్న తీసిన తరువాత మిగిలేది. దాని ధర పాల ధర కాదు. పాడి లేని రైతుకు, పట్టణ మిద్దెతోటకు మాత్రమే ఈ లెక్క మారుతుంది.

నిజంగా పనికివచ్చే చోటు

తేట సత్తా చాటేది పొలంలో కంటె పశుగ్రాసం పాతరలోనే. పచ్చి మొక్కజొన్న, జొన్న మేతను ముక్కలుగా కోసి, గాలి చొరకుండ తొక్కి మూసిన పాతరగడ్డి నిలువ ఉండటానికి మూలకారణం ఈ బ్యాక్టీరియా పుట్టించే ఆమ్లమే. మంచి పాతరగడ్డి పీహెచ్ 4 దరిదాపుల్లో ఉంటుంది. మేతను ఆమ్లంతో నిలువచేసే పద్ధతికి ఫిన్లాండ్ శాస్త్రవేత్త విర్తనేన్‌కు 1945లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ప్రపంచమంతటా పాతరగడ్డికి వాడే బ్యాక్టీరియా మందులు గ్రాము మేతకు లక్ష జీవకణాలు అందేలా తయారవుతాయి. మిల్లీలీటరుకు పది కోట్ల జీవకణాలు గల తేట లీటరు ఉంటే టన్ను మేతకు ఆ లెక్క సరిపోతుంది. బెల్లం కలిపిన తేట అయితే బ్యాక్టీరియాకు ఆహారం కూడ అందుతుంది. వేసవిలో మేత కొరత ఎదుర్కొనే అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్ వంటి ప్రాంతాల పాడి రైతుకు ఇది పిచికారీ కంటె ఎక్కువ ఉపకరించే వినియోగం. విచిత్రమేమంటే, తేట గురించిన ప్రచారంలో ఈ సంగతి అరుదుగానే వినిపిస్తుంది.

పాకల విషయం కూడ ఇటువంటిదే. పశువుల మూత్రం నుండి అమ్మోనియా ఎగసిపోవడం పీహెచ్ తగ్గినకొద్దీ తగ్గుతుంది. హవాయి విశ్వవిద్యాలయపు వ్యవసాయ విస్తరణ విభాగం 2013లో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాపై రైతులకు కరపత్రం వెలువరించింది. పందుల, కోళ్ళ పరుపులలో దుర్వాసన తగ్గించడానికి ఈ ద్రావణాన్ని అక్కడ ఉపయోగిస్తున్నారు. వంటింటి చెత్తను ముందుగా తేటతో పులియబెట్టి ఆపై మట్టిలో కలిపితే కుళ్ళు వాసన, ఈగల బెడద తగ్గుతాయి. మిద్దెతోటవారికి ఇంతకంటె ఉపయోగకరమైన పని దీనితో లేదు.

చట్టం పరిధి

రైతు తన ఇంట్లో తయారు చేసి తన పొలంలో వాడుకుంటే ఎవరి అనుమతీ అక్కరలేదు. సమస్య అమ్మకంతో మొదలవుతుంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి 2006లో జీవన ఎరువులు చేరాయి. అప్పుడు షెడ్యూలులో చేర్చినవి రైజోబియం, అజటోబాక్టర్, అజోస్పిరిల్లం, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా. పాలబ్యాక్టీరియా వాటిలో లేదు. 2021 ఫిబ్రవరిలో బయోస్టిమ్యులెంట్లు కూడ ఆ ఉత్తర్వులోకి వచ్చాయి. ‘తెగులు నివారిణి’ అని సీసాపై రాసి అమ్మితే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ‘సర్వరోగ నివారిణి’ అన్న ప్రకటనతో అంతర్జాలంలో తేట అమ్మేవారిని గురించి వార్త రాసే పాత్రికేయులు మొదట అడగవలసినది రిజిస్ట్రేషన్ నంబరు.

ప్రకృతి సేద్యానికి శాస్త్రీయ ఆధారం చాలదన్న వాదన దేశంలో కొత్తది కాదు. జీరో బడ్జెట్ ప్రకృతి వ్యవసాయంపై 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ బహిరంగంగానే అభ్యంతరం తెలిపింది. కార్యక్రమం సమర్థకులు రైతుల అనుభవాన్ని, తగ్గిన పెట్టుబడిని చూపించారు. ఈ వాదం ఇంకా ముగియలేదు. ఇటువంటి సమయంలో కేంద్రం అల్మారాలో అతిశయోక్తితో కూడిన ఒక సీసా ఉంటే, నిజంగా పనిచేసే మిగిలిన పది సీసాలపైనా అనుమానపు నీడ పడుతుంది. తేటను తొలగించనక్కరలేదు. దానిని పాతరగడ్డి, కంపోస్టు, పాకల వరుసలో పెట్టి, తెగుళ్ళ వరుసలో పుల్లటి మజ్జిగనే కొనసాగించడం ప్రస్తుతానికి సముచితంగా తోస్తున్నది.

క్షేత్ర సిబ్బందికి

సీసాపై తయారీ తేదీ, పాలు ఎక్కడివి, బెల్లం కలిపినదా కాదా, పీహెచ్ ఎంత అన్న నాలుగు వివరాలు రాయించడం కష్టమైన పని కాదు. పీహెచ్ కాగితంతో ఎవరైనా పరీక్షించవచ్చు. 4.6 కంటె ఎక్కువ చూపిన తేట పూర్తిగా పులవనిది గాని, చెడినది గాని అయి ఉంటుంది. దానిని ఇవ్వరాదు. కోతకు సిద్ధంగా ఉన్న ఆకుకూరలపై, పచ్చిగా తినే కూరగాయలపై పచ్చిపాల ద్రావణాలు చల్లించరాదు.

పిచికారీ చేయదలచిన రైతు పొలంలో నాలుగు మళ్ళు ఉంటే ఒక మడికి మాత్రం చల్లకుండ వదిలిపెట్టమని కోరాలి. ఆ మడికి, పక్క మడికి ఒకే రోజున ఆకులను లెక్కపెట్టి, తెగులు సోకినవి ఎన్నో నమోదు పుస్తకంలో రాయాలి. ఖరీఫ్‌లో ఒకసారి, రబీలో ఒకసారి ఇలా రాసిన పుస్తకాలు మండలానికి పది సమకూరినా, వెయ్యి రెట్ల మోతాదు మన పైర్లపై పనిచేస్తున్నదో లేదో తేలిపోతుంది.